అన్ని కన్నాలూ మూశాక

ఎలుకైతే ఇంత వరసగా కోస్తుందా, ఎలుక దగ్గర కొలబద్ద ఉంటుందా, ఇదిగో ఇక్కడ మగ్గం మీద పడుగులో ఒకదాని పక్కన ఒకటి పన్నెండు పోగులు, నాలుగు వేళ్ల ఎడం వదిలి మళ్లీ తొమ్మిది, ఎవరో కూర్చుని తీరిగ్గా కోసినట్టు, అనుకుంటూనే యశోదమ్మ పట్టు జారకుండా వేళ్లకు విభూతి అద్దుకుంది, తెగిన పోగు కొసను తడిమి పట్టుకుని, దాని జత కొసను అవతలినుంచి ఇవతలికి లాగి, రెంటినీ కలిపి ఒక్క మెలి పెట్టింది, ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని, కళ్లు మూసుకున్నా వేళ్లు వాటంతటవి చేసుకుపోతాయి, పైగా కళ్లకు ఇప్పుడు వేరే పని ఉంది, వంటింటి గుమ్మంలోంచి కనిపించే కోడలి వీపును కనిపెట్టి ఉండడం, ఆ వీపు కదలడం లేదు, గిన్నెల చప్పుడు లేదు, ఏమ్మే వీణా, పొయ్యి మీద ఏమన్నా పెట్టినావా లేదా, అంటే, పెడతాండాలే అత్తా, బియ్యం కడుగుతాండా, అని జవాబు, బియ్యం కడిగితే నీళ్ల చప్పుడు రావద్దా.

నీళ్ల చప్పుడంటే ఇప్పటికీ ఆమె గుండె జల్లుమంటుంది, మూడు వారాల కింద తుపాను వాన మూడు రోజులు విడవకుండా కొట్టింది, చెరువు నిండి మరవ మీదుగా పారింది, చిత్రావతి తనేం తక్కువా అన్నట్టు పొర్లింది, ధర్మవరంలో వాళ్ల వీధి వీధంతా మోకాలి లోతు మునిగింది, చినుకు కోసం చౌడమ్మకు ముడుపులు కట్టే ఊరు ఇది, అడిగిన ఏళ్లలో ఇయ్యదు, అడగని ఏడు నెత్తిన కుమ్మరిస్తుంది, మగ్గం గుంత, నేసేవాడు కాళ్లు వేలాడేసుకుని కూర్చునే ఆ గుంత, ఆమె మొగుడు లక్ష్మన్న బతికుండగా తన చేత్తో తవ్వుకున్నది, నిండి బావిలా తయారైంది, పడుగును, మిరపపండు ఎరుపు పట్టు పడుగును, కొడుకు వీరేష్ ఒక కొసా వీణ ఒక కొసా పట్టుకుని చుట్టి పైన దూలానికి కట్టారు, అవును, వీణ కూడా పట్టుకుంది, నిలువునా తడిసి వణుకుతూ పట్టుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి, కానీ అప్పుడు వీరేష్ చూస్తున్నాడు కదా, మొగుడు చూస్తుంటే ఎవరైనా పట్టుకుంటారు.

నీళ్లు పోయాయి, ఎలుకలు వచ్చాయి, కాలవల్లోవి, చేలల్లోవి, కంపచెట్ల కింద బొరియల్లోవి, కొంపలు మునిగినవన్నీ మనుషుల కొంపల మీద పడ్డాయి, మున్సిపాలిటీ వాళ్లు బ్లీచింగ్ పౌడరు చల్లి తమ పని అయిపోయిందన్నారు, ఆసుపత్రి నర్సమ్మ వచ్చి ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లు తగిలితే జ్వరాలొస్తాయి, చెప్పుల్లేకుండా తిరగొద్దండి అని చెప్పి, తను మాత్రం గడప దాటి లోపలికి రాలేదు, గుంతలో నీళ్లు తోడి, కుంపట్లో నిప్పులు పెట్టి రెండు రోజులు ఆరబెట్టి, సున్నం చల్లి, మగ్గానికి పసుపు కుంకాలు పెట్టి మళ్లీ పడుగు ఎక్కించారు, మూడోనాడు మొదటిసారి తెగింది, అయిదు పోగులు, అప్పుడు ఆమె కూడా ఎలుకే అనుకుంది, ఎలుక అనుకున్నాక యశోదమ్మ ఊరుకునే మనిషా, ఒక పూటంతా ఇల్లు పట్టి చూసింది, బొటనవేలు దూరే సందు చాలు ఎలుకకు, అందుకని బొటనవేలు పెట్టి పెట్టి చూసింది, గోడ కింద కన్నాలకు గాజు పెంకులు నూరి సిమెంటులో కలిపి కూరింది, నీళ్లు పోయే తూముకు గిన్నెలు తోమే స్టీలు పీచు బిగించి పైన జల్లెడ రేకు కొట్టించింది, తలుపుల అడుగున డబ్బా రేకు కొట్టించింది, కిటికీకి దోమతెర రెండు మడతలు, దూలం పక్కన పెంకుల సందులు, కరెంటు వైరు దూరే బొక్క, ఏదీ వదల్లేదు, బియ్యం, వేరుశెనక్కాయలు, రాగి పిండి అన్నీ మూత బిగిసే డ్రమ్ముల్లోకి మార్చింది, కోడలు బిస్కెట్టు తిని పొట్లం కుట్టు మిషను మీద వదిలేస్తే నాలుగు వీధులకు వినపడేట్టు తిట్టింది, చీమ దూరాలన్నా ఇప్పుడు నన్ను అడిగి దూరాల, అని పక్కింటి గంగక్కతో గొప్పగా చెప్పుకుంది.

అది జరిగి అయిదు రోజులు, ఆ అయిదు రోజులూ పడుగు తెగుతూనే ఉంది, వంటింట్లో బోను పెట్టింది, కొబ్బరి ముక్క ఎండిపోయింది గానీ ఎలుక పడలేదు, జిగురు అట్ట పెట్టింది, దానికి ఈగలు అంటుకున్నాయి, అంటే ఏమిటి, ఇంట్లో ఎలుక లేదు, బయటినుంచి వచ్చే దారి లేదు, పోగులు మాత్రం తెగుతున్నాయి, మొన్న పదిహేడు, నిన్న ఇరవైయొకటి, ఈ పొద్దు ముప్పైఎనిమిది, ఇంతకన్నా లెక్క ఎవరికైనా ఏం కావాలి, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈశ్వరుడి సంగతి ఏమో, యశోదమ్మ పడుతుంది, అన్ని కన్నాలూ మూసేసిన ఇంట్లో మిగిలేది మనుషులే కదా, వీరేష్ తన పడుగు తనే కోసుకోడు, తను కోయదు, ఇంక మిగిలిందెవరు.

వేళ్లు మెలి పెడుతూనే ఉన్నాయి, ఇరవైరెండు, ఇరవైమూడు, వంటింట్లో ఇప్పుడు కుక్కరు మూత చప్పుడైంది, సరే, ఎందుకు కోస్తుంది అంటే ఎందుకు కోయదు, హిందూపురం పిల్ల, పట్టణంలో పెరిగింది, వాళ్ల తమ్ముడు ఆ ఊరి బయట బట్టల కంపెనీలో మేస్త్రీ, నెల తిరిగేసరికి జీతం, ఆదివారం సెలవు, ఇక్కడేముంది, మొగుడు గుంతలో కూర్చుంటే పెళ్లాం కండెలు చుట్టాల, ఆదివారం లేదు, అమావాస్య ఒక్కటే సెలవు, ఎన్నాళ్లు ఓపిక పడుతుంది, అయిదు రోజుల కింద వీరేష్ తెగిన పోగులు చూసి గుంతలోంచి లేచి, ఇంగ ఈ పడుగు నిలబడేట్టు లేదుమా, నా చేత కాదు, ఇంగ ఇట్లనే తెగుతా ఉంటే మగ్గం దిగేస్తా, హిందూపురం పోయి కంపెనీలో చేర్తా, అన్నాడు, ఆ మాట వాడిది కాదు, వాడు పదేళ్ల వయసులో నాయన ఒళ్లో కూర్చుని పేక దారం మోసే నాడె విసిరినవాడు, లక్ష్మన్న పోయిన పదమూడో రోజున తనంతట తనే గుంతలోకి దిగి సగంలో ఆగిన చీర పూర్తి చేసినవాడు, వాడి నోటికి ఆ మాట ఎట్లా వస్తుంది, ఎవరో నూరి పోసిన మాట అది, ఎవరో అంటే ఎవరు, అదిగో, ఆ వీపు.

ఆ మరునాడే, నాలుగు రోజుల కింద, వీణ దొడ్లో నిలబడి ఫోనులో వాళ్లమ్మతో గుసగుసలాడింది, బేడమ్మా, హేళబేడ, హేళబేడ, అంది, వద్దమ్మా చెప్పొద్దు అని అర్థం, యశోదమ్మకు కన్నడం రాదనుకుంది కాబోలు, మడకశిర పెదనాన్న ఇంట్లో చిన్నప్పుడు రెండేళ్లున్న మనిషికి ఆ మాత్రం రాదా, ఎవరికి చెప్పొద్దు, ఏం చెప్పొద్దు, అత్తను చూడగానే ఫోను పెట్టేసింది, ఏమ్మే, మీ అమ్మ బాగుండాదా, అంటే, బాగుండాది అత్తా, అంది, దొంగకు తేలు కుట్టినట్టు మొహం పెట్టుకుని.

ఇంకో సంగతి, అది అన్నిటికన్నా పెద్దది, మగ్గం గుంత పక్కగోడలో ఒక గూడు ఉంటుంది, మగ్గం మళ్లీ ఎక్కించినప్పుడు ఆ గూట్లో మోదుగాకు పరిచి పుట్నాలు, బెల్లం, నువ్వులు, ఎండుకొబ్బరి పెట్టి, ముందు ఎర్రగుడ్డ కట్టాలి, ఆ చీర నేసి కోసి కిందికి దించేదాకా ఆ గుడ్డ ఎత్తకూడదు, ఆమె అత్త చెప్పింది, అత్తకు వాళ్ల అత్త చెప్పింది, మగ్గాన్ని ఆకలితో పనికి పెట్టకూడదని, వరద పోయాక యశోదమ్మ తలస్నానం చేసి తన చేత్తో పెట్టి, కట్టింది, నాలుగు రోజుల కింద ఈ వీణ గుంతలోకి వంగి, అత్తా, ఆ గుడ్డ ఒగసారి తీసి చూద్దామా, అంది, తల మీద పిడుగు పడినట్టయింది యశోదమ్మకు, ఏందే నువ్వు తీసేది, చీర కోయకముందే గుడ్డ తీస్తే మగ్గం మూలపడతాది, నీకు అదే కావాల్నా, అంటే, అది కాదత్తా, అని ఏదో చెప్పబోయి ఈమె మొహం చూసి ఊరుకుంది, ఊరుకుంటుంది మరి, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మూలపడడమే కావాలి ఆమెకు, పోగులు కోస్తే చాలలేదు, నైవేద్యం మీద కూడా చెయ్యి వేయాలి.

ముప్పైఒకటి, మెడ పట్టేసింది, మెడ తిప్పేసరికి కుట్టు మిషను పైన గోడకు మేకు కనిపించింది, వట్టి మేకు, దానికి వేలాడే కత్తెర లేదు, కత్తెర వీణది, జాకెట్లు కుట్టే కత్తెర, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు, కత్తెర యాడ పెట్టినావే, అని కేకేసింది, గంగక్క తీసకపోయిందత్తా, మొన్న, అంది వంటింట్లోంచి, తడుముకోకుండా అంది, తయారుగా పెట్టుకున్నట్టు, యశోదమ్మ విభూతి చేతులతోనే లేచి వెళ్లి గోడ మీదుగా తొంగి చూసింది, గంగక్క వాకిట్లో రాట్నం ముందర కండెలు చుడుతోంది, ఏమక్కా, మా కత్తెర నీకాడ ఉండాదా, అంటే, ఉండాదక్కా, మొన్న మనవరాలి గౌను కత్తిరించేకి తెచ్చుకుంటి, ఇప్పుడే ఇయ్యమంటావా, అని లోపలికి పోయి తెచ్చి చూపించింది కూడా, వద్దులే, ఉంచుకో, అంది యశోదమ్మ, సరే, కత్తెర ఇక్కడుంది, అయితే మాత్రం, కోసేవాళ్లకు కత్తెర ఒకటే ఉంటుందా, బ్లేడు లేదా, కత్తిపీట లేదా, అసలు కత్తెరను ఇల్లు దాటించడమే ఒక ఎత్తేమో, ఇదిగో నా దగ్గర కత్తెరే లేదు అని చెప్పుకోవడానికి, గంగక్క మాత్రం ఎవరి మనిషి, పొద్దస్తమానం ఈ గోడ మీద మోచేతులు పెట్టుకుని వీణతో మాట్లాడేది ఆమే కదా.

వీణ బట్టల బకెట్టు ఎత్తుకుని కొళాయి దగ్గరికి పోయింది, ఇల్లు ఖాళీ, యశోదమ్మ తిన్నగా మిషను దగ్గరికి పోయింది, నా ఇంట్లో నేను వెతుక్కుంటే తప్పేంటి, సొరుగు లాగింది, దారపు బాబిన్లు, సుద్దముక్క, టేపు, గుండీలు, ఒక మూల పాత పౌడరు డబ్బా, ఊపితే చప్పుడు లేదు, మూత తీసింది, లోపల ఎరుపు, మిరపపండు ఎరుపు, వేలెడు వేలెడు పట్టుపోగు ముక్కలు, గుప్పెడు, పక్కనే కాగితంలో మడిచిన బ్లేడు, అప్పుడు ఆమెకు కలిగింది కోపం కాదు, సంతోషం, ఎన్నడూ లేనంత సంతోషం, పట్టుకున్నా, పట్టుకున్నా, నా కళ్లు నన్ను మోసం చేయలేదు, అయిదు రోజుల అనుమానం నిజమైంది, ఇంక వీరేష్‌కు చూపిస్తే చాలు, ఇది చూడరా, నీ పెళ్లాం నిర్వాకం, అంటే చాలు, వాడు తెల్లవారి బండికి పెనుకొండ పోయాడు, కొంగు డిజైను అట్టలు, మగ్గం పైన తగిలించే చిల్లుల అట్టలు, వరదలో నానిపోయాయని, కొత్తవి కొట్టించుకొస్తానని, మధ్యాహ్నానికి వచ్చేస్తాడు, కానీ అంతదాకా ఆగే ఓపిక ఎవరికుంది, గంగక్కా, ఓ గంగక్కా, ఒగసారి ఇట్ల రా, నా కోడలి గనకార్యం చూద్దువు గానీ, అని అరిచింది, సాక్షి ఉండాలి, లేకపోతే రేపు నాదే తప్పంటారు.

గంగక్క వచ్చింది, కొళాయి దగ్గరినుంచి వీణ కూడా వచ్చింది, తడిచేతులు చీరకు తుడుచుకుంటూ, డబ్బా అత్త చేతిలో చూసి ఆగిపోయింది, ఏందే ఇది, నా ఇంట్లో తింటా నా మగ్గం కోస్తాండావా, నా కొడుకును గుంతలోంచి లేపి మీ ఊరికి తోలుకపోవల్లని చూస్తాండావా, దొంగదానా, ఎలుకల మీద పెట్టి నువ్వు చేస్తాండేది ఇదా, అని యశోదమ్మ అంటూనే ఉంది, గంగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఏడుస్తుంది ఇప్పుడు, కాళ్ల మీద పడుతుంది, అనుకుంది యశోదమ్మ, వీణ ఏడవలేదు, డబ్బాలోంచి ఒక పోగు ముక్క తీసి, అత్త చెయ్యి పట్టుకుని గుమ్మంలో వెలుగులోకి తీసుకుపోయి, కళ్ల ముందు పెట్టి, కొస చూడత్తా, అంది.

ఏముంది కొసలో, అనుకుంటూనే చూసింది, ఒక కొస నున్నగా తెగి ఉంది, రెండో కొస నలిగి, నాలుగు పాయలుగా చీలి, కుంచెలా ఉంది, ఈ నున్నంగుండే కొస నేను కోసింది అత్తా, ఈ నలిగింది పళ్లతో కొరికింది, నలిగిన కొస అట్లనే మెలేస్తే మగ్గం దెబ్బ పడినప్పుడు మళ్లా తెగుతాది, అందుకని నలిగిన కాడికి కోసేసి, చాలకపోతే ఇంగో ముక్క ఏసి అతుకుతాండా, మొన్నటిదాకా కత్తెరతో, అక్క తీసకపోయిన కాన్నుంచి బ్లేడుతో, మా నాయన బతికినంతకాలం హిందూపురంలో పట్టుగూళ్ల కాడ దారం తీసే పనే కదా చేసినాడు, పోగు నాకు తెల్దా, అంది, కోపం లేని గొంతుతో అంది, అదే యశోదమ్మకు ఎక్కువ గుచ్చుకుంది, చేతిలో ఉన్న డబ్బాలోంచి ఇంకోటి తీసింది, ఇంకోటి, అన్నీ అంతే, ఒక కొస నున్నన, ఒక కొస నలుగుడు, ముప్పై ఏళ్ల చెయ్యి, పొద్దుటినుంచి ముప్పైఒక్క పోగులు అతికింది, ఒక్క కొసనైనా చూసిందా, విభూతి అద్దడం, మెలి పెట్టడం, కళ్లు మాత్రం వంటింటి గుమ్మం మీద.

మరి నాతో యాల చెప్పల్యా, ఎందుకు దాచినావు, అంది, గొంతు కాస్త తగ్గింది గానీ అనుమానం తగ్గలేదు, వీణ గంగక్క వైపు ఒకసారి చూసి, తల వంచుకుని, నువ్వు చూసేది సగమే అత్తా, మీరిద్దరూ లేచేలోపల సగం నేను అతికేస్తాండా, అన్నీ కనపడితే, అని ఆపేసింది, కనపడితే ఏం, ఏం మింగేసింది, మింగిన మాటలోనే ఉంటుంది అసలు సంగతి, అని యశోదమ్మ మనసు మళ్లీ చెవులు రిక్కించింది, అయినా ఎలుకే అంటావు, అన్ని బొక్కలూ నేనే మూసినా కదే, నీ ఎదురుగానే మూసినా కదా, ఇంగ ఎలుక యాడినుంచి వస్తాది, చెప్పు, అని ఆఖరి బాణం వేసింది, వీణ ఒక్క క్షణం ఆమెను చూసి, వచ్చేదేముండాదత్తా, నువ్వు మూసేటప్పుడే అది లోపల ఉన్నిందేమో, అంది.

గంగక్క, అవునే, అంది, ఇంత చిన్న మాట, నిన్న పుట్టిన పిల్లకు తట్టే మాట, అయిదు రోజులుగా యశోదమ్మకు ఎందుకు తట్టలేదు, గుంతలో ఎలుక పెంటికలు పడినాయత్తా, అందుకే ఆ గుడ్డ తీసి చూద్దామంటి, అని వీణ ఇంకా ఏదో చెబుతోంది, యశోదమ్మ వినలేదు, కొంగు బిగించి గుంతలోకి దిగింది, మోకాళ్లు కటకటమన్నాయి, గూటి ముందు ఎర్రగుడ్డ, అత్త, అత్తకు అత్త, చేతులు ఆగాయి, మగ్గం మూలపడుతుందా, పడితే పడనీ అనుకోవడానికి ఒక గుక్కెడు ఊపిరి పట్టింది, లాగేసింది.

ఆకు ఉంది, ఆకు మీద ఒక్క పుట్నం పప్పు లేదు, నాకినట్టు శుభ్రంగా ఉంది, గూటి వెనక మట్టిగోడలో పిడికిలంత కన్నం, కన్నంలో ఎర్రటి పట్టు మెత్త, మధ్య మధ్య తడిసిన డిజైను అట్టల ముక్కలు, ఆ మెత్త మీద కళ్లు తెరవని ఎలుకపిల్లలు, ఆరు, బొటనవేలంత లేవు, పిల్లల కోసం పక్క వేసుకుంది, తినడానికి కాదు, పక్కకు కావలసినంత పొడవు కొలుచుకున్నట్టు కోసుకుపోయింది, ఇంట్లో గింజ కింద పడకుండా చూసుకున్న మనిషి, బిస్కెట్టు పొట్లానికి కోడల్ని వీధిన పెట్టిన మనిషి, ఎలుకకు ఇక్కడ ఆకు వేసి వడ్డించింది, దేవుడికి పెట్టింది తిండి లెక్కలోకి వస్తుందని ఆమెకు తోచనే లేదు, అంతలో తల్లి ఎలుక ఎక్కణ్నుంచో ఉరికింది, ఆమె పాదం మీదుగా పైకెక్కి తూము దగ్గరికి పరిగెత్తింది, స్టీలు పీచుకు మూతి కొట్టుకుని వెనక్కి తిరిగింది, దొడ్డి తలుపు కింద రేకుకు తగిలి మళ్లీ తిరిగింది, దానికి ఎటూ దారి లేదు, అన్నీ ఈమె మూసినవే, గంగక్క కెవ్వుమని వీధి తలుపు బార్లా తీస్తే గడప మీదుగా దూకి పోయింది, కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనక్కా, అని గంగక్క నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి పిల్లల్ని చేటలోకి ఎత్తుకుని చెరువు కట్ట వైపు పోయింది, వీణ చీపురు తీసుకుని గుంతలోకి దిగింది, లెయ్ అత్తా, చేతులు కడుక్కో, సబ్బుతో కడుక్కో, నర్సమ్మ చెప్పింది కదా, అంది, పదినిమిషాల కింద దొంగదానా అనిపించుకున్న మనిషి ఆ మాట అంది.

కడుక్కుంది, మోచేతుల దాకా కడుక్కుంది, చేతులు శుభ్రమయ్యాయి గానీ మనసు ఇంకా గొణుగుతోంది, సరే, ఎలుకే, నాదే తప్పు, కానీ ఆ ఫోను, హేళబేడ, ఎవరికి చెప్పొద్దని, ఆ మింగిన మాట, కనపడితే ఏమవుతుందని, ఎలుక ఒక్కటీ తేలినంత మాత్రాన అన్నీ తేలినట్టా, ఏదో ఉంది, అనుకుంటుండగానే మిషను మీద వీణ ఫోను మోగింది, తెర మీద వీరేష్ ఫోటో, వీణ చేతులు మట్టిలో ఉన్నాయి, నువ్వు తీయత్తా, అంది, తీసి చెవికి పెట్టుకుంది, రైలు కూత, జనం, ఆమె అల్లో అనేలోపలే వాడు అందుకున్నాడు, వీణా, కోప్పడాకు, నేను పెనుకొండలో దిగల్యా, ఆడ నాకు పనేం ల్యా, అట్టల పని అని ఊరికే చెప్పినా, నేరుగా హిందూపురం వచ్చినా, మీ తమ్ముడు చెప్పినాడు కంపెనీలో ఖాళీ ఉండాదని, నాకు చెప్పాకండి అని నువ్వు మీ అమ్మకు ఎన్నితూర్లు చెప్పినా వాడు చెప్పేసినాడు, సోమవారం నుంచి రమ్మంటాండారు, ఒప్పుకున్నా, తెగినవి నాకు కనపడకుండా నువ్వు అతుకుతాండావని నాకు తెలుసు, ఇంగ వద్దు, నీ వేళ్లు పాడుచేసుకోవాకు, నాకు ఆ గుంతలో కూర్చోబుద్ధి కాదు, నాయన పోయినప్పటినుంచి కాదు, అమ్మకు చెప్పే ధైర్యం నాకు ల్యా, నువ్వే ఎట్లోగట్ల చెప్పు, వింటాండావా, వీణా.

ఫోను కట్ అయింది, వాడే పెట్టేశాడో, యశోదమ్మ వేలే తగిలిందో, నాయన పోయినప్పటినుంచి అన్నాడు, పదమూడో రోజున వాడు తనంతట తనే గుంతలోకి దిగాడని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకుంది, ఆ రోజు గుంత పక్కన నిలబడి ఏడుస్తూ, నాయన చీర అట్లనే ఆగిపోయిందిరా, అన్నది తనే కదా, పిల్లవాడు దిగాడు, ఇన్నేళ్లలో ఒక్కసారి, నీకు ఇష్టమేనా నాయనా అని అడిగిందా, అడగలేదు, అడిగితే ఏమంటాడో తెలుసు కాబట్టే అడగలేదు, అదే నిజం, కొడుకు తనంతట తను పోవాలనుకుంటున్నాడంటే గుండె పగులుతుంది, కోడలు లాక్కుపోతోందంటే కోపం వస్తుంది, కోపం సుఖం, కోపంతో మనిషి నిలబడొచ్చు, అందుకని ఎలుకను కాదని కోడలిని వెతుక్కుంది, ఎలుక అయితే తిట్టేందుకు మనిషి మిగలదు కదా.

ఎవరత్తా, ఆయనేనా, ఏమంటాండారు, అట్టలు దొరికినాయంటనా, అని గుంతలోంచి వీణ అడుగుతోంది, గూడు ఊడ్చేసి, కన్నంలో చెయ్యి పెట్టి చూసి, చీపురు పక్కన పెట్టి, అప్పుడే పడుగు మీదికి వంగింది, యశోదమ్మ సగంలో వదిలేసిన చోటు వెతికి, ముప్పైరెండో పోగు కొస పట్టుకుని వెలుగుకు ఎత్తి చూస్తోంది, నలిగిన కాడికి బ్లేడుతో కోసి, విభూతి అద్దుకుని మెలి పెడుతోంది, వేలి కొనలు అప్పుడు చూసింది యశోదమ్మ, ఎర్రగా, పొరలు లేచిపోయి ఉన్నాయి, ఎన్ని తెల్లవారుజాములో, ఇంగో గంటలో అయిపోతాదత్తా, ఆయన వచ్చేసరికి అతికేస్తా, అంటోంది, యశోదమ్మ గుంత అంచున చతికిలబడింది, విభూతి పళ్లెం తన వైపుకు లాక్కుంది, ఒక్కటి మాత్రం తెలిసింది, ఈ మగ్గం ఆడాలని కోరుకునే మనుషులు ఈ ఇంట్లో ఇద్దరే ఉన్నారు, అందులో ఒకదాన్ని తను ఇందాక సాక్షిని పిలిచి మరీ దొంగ అన్నది.